పట్టె ఎందుకు నిలబడాలి?

"మాస్టారూ, హాల్లోకి చిన్న సోఫా ఒకటి చేయించుకుందామనుకుంటున్నాం. ఎంత లావు చెక్క వేయిస్తే గట్టిగా ఉంటుందంటారు?"

భౌతికశాస్త్రం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. అడిగేవాళ్ళలో ఎక్కువమంది రెండు గదుల పోర్షన్లలో అద్దెకుండేవాళ్ళు. ముందు గది పదడుగులకు పదడుగులు. టీవీ, బీరువా, కుట్టుమిషను, పిల్లల పుస్తకాల అర అన్నీ అందులోనే. వీధి తలుపు లోపలికి తెరుచుకోవాలి, వంటింట్లోకి దారి మిగలాలి. దుకాణంలో నిగనిగలాడే సోఫా తెచ్చి ఈ గదిలో పడేస్తే ఇక మనుషులు పక్కకి ఒదిగి నడవాలి. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని మోయించడం మరో తిప్పలు.

అందుకని ఈ అధ్యాయంలో ఒక సోఫా తయారుచేద్దాం. విజయవాడలో మేం అద్దెకున్న ఇంట్లో, మా అమ్మ కోసం, ఒక పెద్ద వయసు వడ్రంగి మేస్త్రి సాయంతో చేయించిన సోఫా ఇది. పొడవు 6 అడుగులు, వెడల్పు 27 అంగుళాలు. పగలు ముగ్గురు కూర్చోవాలి, మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చాలి, చుట్టాలొస్తే రాత్రికి ఒకరు పడుకోవాలి. అవసరాలు ఇంతే. కానీ ఈ మూడూ కుదరాలంటే మెకానిక్సులో సగం పాఠాలు ముట్టుకోక తప్పలేదు.

కలప అడితికి వెళ్ళినప్పుడు నేను కూడా అందరిలాగే లావుపాటి ముక్క మీద చెయ్యి వేశాను. మేస్త్రిగారు తల అడ్డంగా ఊపారు. "అంత దండగ మాస్టారూ. నీళ్ళకి కాలవ తీసినట్టు బరువు నేలకి దిగడానికి దారి తియ్యాలి. దారి లేకపోతే ఎంత చెక్కైనా కిర్రుమంటుంది" అన్నారు. ఎంత లావు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. కూర్చున్న మనిషి బరువు స్పాంజిలోంచి అడ్డచెక్కల్లోకి, అడ్డచెక్కల్లోంచి పట్టెల్లోకి, అంటే పొడవాటి పక్కచెక్కల్లోకి, పట్టెల్లోంచి కోళ్ళలోకి, అంటే సోఫా కాళ్ళలోకి, కోళ్ళలోంచి నేలలోకి దిగుతుంది. ఆ దారి వెంట మనమూ నడుద్దాం. అయితే బరువు దిగే ముందు మనిషి కూర్చోవాలి కదా. కొలతలతో మొదలుపెడదాం.

మోకాలి కింది కొలత

సోఫా ఎంత ఎత్తుండాలో పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. చెప్పుల్లేకుండా పీట మీదో స్టూలు మీదో తొడలు నేలకు సమాంతరంగా ఉండేలా కూర్చుని, మోకాలి వెనక గుంట నుంచి నేల దాకా టేపు పెట్టండి. అమ్మకు 15 అంగుళాలు వచ్చింది, నాకు 17. బజార్లో దొరికే కుర్చీలు, సోఫాలు చాలామటుకు 17, 18 అంగుళాలుంటాయి. పొట్టిగా ఉన్న మనిషి అందులో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు. కాలి బరువంతా తొడ కింద, సోఫా అంచు మీద వేలాడుతుంది. అక్కడి నరాలూ రక్తనాళాలూ నొక్కుకుని కాసేపటికి తిమ్మిరెక్కుతుంది. ఇంట్లో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో వాళ్ళ మోకాలే కొలత కావాలి. మా ఇంట్లో అది అమ్మ మోకాలు.

ఇప్పుడొక పని చెయ్యండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు రెండూ ఒక అడుగు ముందుకు చాపి, చేతులు ఎక్కడా ఆనించకుండా, ఒంటిని ముందుకు వంచకుండా లేవడానికి ప్రయత్నించండి. ఎంత బలమున్నా లేవలేరు. మన బరువంతా ఒక చోట పోగుపడినట్టుగా పనిచేసే బిందువు ఒకటి ఉంటుంది, దాన్ని బరువుకేంద్రం అందాం. కూర్చున్నప్పుడు అది పొట్ట దగ్గర, కుర్చీకి పైన ఉంటుంది. లేచి నిలబడాలంటే అది పాదాల పైకి రావాలి. అందుకే లేచే ముందు మనకు తెలియకుండానే పాదాలను వెనక్కి, కుర్చీ కిందికి లాక్కుంటాం, ఒంటిని ముందుకు వంచుతాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఒంటిని ఎక్కువ వంచలేరు కాబట్టి పాదాలు వెనక్కి పోవడం వాళ్ళకు మరీ ముఖ్యం.

చిన్న ఇళ్ళలో సోఫాలు సరిగ్గా ఇక్కడే ఇబ్బంది పెడతాయి. సామాను పెట్టుకోవడానికి పనికొస్తుందని కింద నేల దాకా పెట్టె కట్టించేస్తారు. చోటు కలిసొస్తుంది, నిజమే. కానీ మడమలు వెనక్కి పోవడానికి జాగా ఉండదు. అమ్మ అలాంటి దివాన్ మీంచి లేవాలంటే రెండు చేతులూ ఊనుకుని అంచు దాకా జరిగి, అప్పుడు లేచేది. మేం పెట్టె మానేసి, ముందు పట్టె కింద ఎనిమిది అంగుళాల జాగా వదిలాం. సామాను పెట్టెలు అందులోనే పడతాయి, కాకపోతే ముందంచు నుంచి అరచెయ్యి లోపలికి జరిపి పెడతాం. మడమలకు ఆ చోటు చాలు.

ఇక లోతు. వీపు వెనక్కి ఆనినప్పుడు మోకాలి వెనక రెండు వేళ్ళ సందు మిగలాలి. అమ్మకు అలా లెక్కేస్తే 17 అంగుళాలు. కానీ పడుకోవడానికి 27 కావాలి. ఈ పది అంగుళాల తేడాను గోడవైపు వరసగా పేర్చిన లావుపాటి బాలీసులు పూడుస్తాయి. పగలు అవి వీపుకు ఆసరా. రాత్రి తీసి పక్కన పెడితే అదే మంచం.

చెక్క లోపల ఎవరు కష్టపడతారు?

స్కూలు పిల్లల చెక్క స్కేలు ఒకటి తీసుకుని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పడుకోబెట్టి మధ్యలో వేలితో నొక్కండి. విల్లులా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి. కదలదు. అదే చెక్క, అంతే బరువు, అంతే ధర. మారిందల్లా పడుకుందా నిలబడిందా అన్నదొక్కటే.

ఎందుకిలా జరుగుతుందో హవాయి చెప్పును చూస్తే తెలుస్తుంది. చెప్పును రెండు కొసలూ పట్టుకుని మధ్యలో కిందికి దిగేలా వంచండి. పై పక్క ముడతలు పడుతుంది, అంటే అక్కడి రబ్బరు నొక్కుకుంటోంది. అడుగు పక్క సాగుతుంది. మరి మధ్య పొర? అది నొక్కుకోదు, సాగదు, ఊరికే వంపు తిరుగుతుంది. చెక్కలోనూ ఇంతే. మధ్యలో ఉన్న కలపకు పని దాదాపు లేదు, భారమంతా పై అంచు, కింది అంచు మోస్తాయి. ఆ రెండు అంచులూ ఎంత ఎడంగా ఉంటే వాటి పట్టు అంత పెరుగుతుంది. పానాకు పొడుగు పిడి ఉంటే నట్టు తిప్పడం తేలికైనట్టే. వెదురుబొంగు లోపల డొల్లగా ఉండి కూడా పందిరి మోసేది ఇందుకే. పని లేని చోట వెదురు పదార్థం పెట్టుకోలేదు.

నిలబెట్టిన చెక్క గట్టిదని వడ్రంగులకు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని లెక్కలోకి తెచ్చే ప్రయత్నం గెలీలియో చేశాడు. చర్చి విధించిన గృహనిర్బంధంలో ఉండగా రాసి, 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చు వేయించిన తన చివరి పుస్తకంలో, స్కేలును నిలబెడితే ఎందుకు తొందరగా విరగదో వివరించాడు. చెక్క లోపలి బలాలు ఎలా పంచుకుంటాయన్న విషయంలో ఆయన పొరబడ్డాడు. అయినా నిష్పత్తి మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. వెడల్పు మందానికి ఎన్ని రెట్లో, నిలబెట్టినప్పుడు విరగకుండా తట్టుకునే శక్తి అన్ని రెట్లు. నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్కకు అది నాలుగు రెట్లు.

వంగకుండా ఉండే శక్తి లెక్క ఇంకా గట్టిది. ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. మన నాలుగంగుళాల చెక్కను పడుకోబెట్టడం మాని నిలబెడితే పదహారు రెట్లు. ఆరడుగుల పట్టె మధ్యలో 70 కిలోల మనిషి ఒక్కడే కూర్చున్నాడనుకుని, టేకులాంటి కలపకు నేను లెక్క వేసి చూశాను. పడుకోబెట్టిన పట్టె 63 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు దిగుతుంది. నిలబెట్టినది 4 మిల్లీమీటర్లు. లావు చెక్క కోసం పెట్టే డబ్బును చెక్కను నిలబెట్టడం ఆదా చేసింది.

పట్టె పొడవు కూడా ఇలాగే లెక్కలోకి వస్తుంది, కాకపోతే తలకిందులుగా. ఆధారాల మధ్య దూరం సగానికి తగ్గితే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మధ్యలో ఇంకో కోడు పెడితే ఆరడుగుల దూరం మూడడుగులవుతుంది, నాలుగు మిల్లీమీటర్ల దిగుడు అర మిల్లీమీటరవుతుంది. ముందు పట్టెకు ఒకటి, వెనక పట్టెకు ఒకటి, ఎనిమిదేసి అంగుళాల రెండు ముక్కలు చేసిన పని ఇది. పాత సోఫాలు మధ్యలో కుంగిపోయి కనిపించినప్పుడు నేను ముందు కింద వంగి చూసేది ఆ మధ్యకోడు ఉందా లేదా అని.

ముగ్గురు కూర్చుంటే 210 కిలోలే కదా, ఇంత జాగ్రత్త ఎందుకు అనిపించవచ్చు. మనుషులు నెమ్మదిగా కూర్చోరు, అదీ సంగతి. బరువు చూసుకునే ముల్లు మిషను మీద ఒక్కసారిగా ఎక్కి చూడండి. ముల్లు మీ బరువును దాటి దూసుకుపోయి, ఊగి, తరవాత వెనక్కి వచ్చి నిలుస్తుంది. ఎత్తు నుంచి పడకపోయినా, బరువును ఒక్కసారిగా వదిలితే చాలు, కింద ఉన్నది మామూలు కంటే రెండింతలు వంగుతుంది. ఇక పిల్లలు బడి నుంచి రాగానే సంచీతో సహా దూకితే చెప్పేదేముంది. అందుకని 210ని కనీసం 420గా చూసుకోవాలి.

అడ్డచెక్కల దగ్గర మాత్రం మేం చెక్కను పడుకోబెట్టాం. మూడంగుళాల వెడల్పు, ముప్పావంగుళం మందం, రెండేసి అంగుళాల సందు విడిచి పద్నాలుగు చెక్కలు. ముందు పట్టె నుంచి వెనక పట్టెకు ఉన్న దూరం రెండడుగుల పైన ఒకటి రెండంగుళాలే. ఒక మనిషి బరువు మూడు నాలుగు చెక్కలు పంచుకుంటాయి. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు వంగితే వంగనివ్వండి, ఆ కాస్త ఊగడం ఒంటికి హాయి. సందులు ఎందుకంటే, ఒకటి స్పాంజికి గాలి ఆడాలి. రెండోది కలప గుణం. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మన ఇళ్ళలో ఏటా చూసేదే. గాలిలో తడిని పీల్చుకుని కలప ఉబ్బుతుంది. అయితే నార వెంట, అంటే పొడవునా, ఆ ఉబ్బు కంటికి కనిపించనంత తక్కువ. ఉబ్బేదంతా అడ్డంగానే. చెక్కలను సందు లేకుండా బిగిస్తే శ్రావణమాసంలో ఒకదాన్నొకటి నెట్టుకుని మేకుల్ని వదులు చేస్తాయి. ప్లైవుడ్డులో ఈ బాధ తక్కువ. దానిలో పొరల నార ఒకటి నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ ఒకటి నిలువుగా అంటించి ఉంటుంది. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది.

అంటించడం అన్నాను కాబట్టి ఒక మాట. రెండొందల పేజీల నోటుబుక్కును వంచండి, పేజీలు ఒకదాని మీద ఒకటి జారుతూ తేలిగ్గా వంగుతుంది. ఆ పేజీలన్నీ జిగురుతో అంటుకుని ఉంటే అట్టపలకలా బిర్రబిగుసుకుంటుంది. రెండు చెక్కలను ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే బిగువు రెండింతలే అవుతుంది. జారకుండా అంటిస్తే ఎనిమిదింతలు.

అగ్గిపెట్టె, చీపురుకట్ట

ఖాళీ అగ్గిపెట్టెలోంచి లోపలి అరను తీసేసి, పై తొడుగును వేళ్ళ మధ్య పెట్టి పక్కకి నొక్కండి. దీర్ఘచతురస్రం కాస్తా వాలిపోయి చదునవుతుంది. నాలుగు గోడల్లో ఒక్కటీ విరగలేదు, చిరగలేదు. మూలలు తిరిగాయి, అంతే. అరను మళ్ళీ లోపల పెడితే ఎంత నొక్కినా వాలదు. నాలుగు కర్రల చట్రానికి ఉన్న బలహీనత ఇదే, పొడవులు మారకుండానే ఆకారం మారిపోగలదు. మూడు కర్రలతో కట్టిన ముక్కోణానికి ఆ వీలు లేదు. కర్ర విరిగితే తప్ప దాని ఆకారం మారదు. సోఫా కిర్రుకిర్రుమంటూ పక్కకి ఊగుతోందంటే చెక్క సన్నమై కాదు, మూలలు తిరుగుతున్నాయని అర్థం.

మేం మూడు పనులు చేశాం. నాలుగు మూలల్లోనూ లోపలివైపు ముక్కోణపు చెక్కలు బిగించాం. పైన అడ్డచెక్కలన్నిటినీ పట్టెల లోపలి అంచున కొట్టిన రీపులకు మరమేకులతో బిగించాం. దాంతో అవన్నీ కలిసి అగ్గిపెట్టె అరలాగా చట్రాన్ని పట్టుకున్నాయి. నిలబెట్టిన పట్టె పక్కకి ఒరిగిపోకుండా ఆపేది కూడా ఇవే. మూడోది బోల్టుల సంగతి. పట్టెను కోడుకు ఒకే బోల్టుతో బిగిస్తే అది తలుపు బందులా పనిచేస్తుంది, దాని చుట్టూ పట్టె తిరుగుతుంది. నాలుగంగుళాల పట్టెకు పై అంచు దగ్గర ఒకటి, కింది అంచు దగ్గర ఒకటి వేస్తే తిరగడానికి ఉండదు. పట్టె ఎత్తుగా ఉండడం ఇక్కడ రెండోసారి కలిసొచ్చింది.

అతుకుల గురించి నేను నేర్చుకున్నది ఒక పాడైన బెంచీ నుంచి. చాలా ఏళ్ళ కిందట నా చేతులతో నేనే చేశాను. పట్టెల కొసల్లోకి నేరుగా పొడుగుపాటి మరమేకులు దించాను. కొత్తలో రాయిలా ఉంది. ఆరునెలలు తిరక్కుండా మేకులు వేళ్ళతో లాగితే వచ్చేశాయి. చెక్క అంటే పొడుగాటి గొట్టాల్లాంటి నారల కట్ట. చీపురుకట్టను తలుచుకోండి. కట్ట పక్కనుంచి అడ్డంగా పుల్లను గుచ్చితే బిగుసుకుని ఉంటుంది. కొస నుంచి పుల్లల వెంట గుచ్చితే పుల్లలు పక్కకి జరుగుతాయి, లాగితే జారి వస్తుంది. మరమేకు మరలు నారను అడ్డంగా కోసి పట్టుకోవాలి. కొసలో దించినప్పుడు పట్టుకోవడానికి దానికి నార దొరకదు.

ఆ బెంచీలో ఇంతకంటే పెద్ద తప్పు, బరువంతా మేకుల మీద వేలాడడం. పాతకాలపు మంచాలు చూడండి. పట్టె కొసను ఉలితో సన్నగా చెక్కి కుసి తీస్తారు, కోడులో బెజ్జం తొలిచి కుసిని అందులోకి దూర్చి కొడతారు. పట్టె కోడు లోపల కూర్చుంటుంది. బరువు చెక్క మీంచి చెక్కకు దిగుతుంది, ఇనుముతో పని లేదు. కుసి తీయడం మంచి చేతి పని, దాన్ని మించిన అతుకు నేను చూడలేదు. అయితే మా సోఫా విప్పుకోవడానికి వీలుగా ఉండాలి కాబట్టి మేస్త్రిగారు కోళ్ళ తల దగ్గర గాడి కోసి పట్టెను ఆ గాడిలో కూర్చోబెట్టారు. బోల్టు పట్టెను గాడిలోంచి బయటికి రాకుండా కాపలా కాస్తుంది, అంతకు మించి మొయ్యదు.

దండెం మీద తడిబట్ట

అడ్డచెక్కలకు బదులు నవ్వారు అల్లితే? నేను మొదట అదే అనుకున్నాను. స్పాంజి అక్కర్లేదు, గాలి వస్తుంది, ఎండాకాలం చల్లగా ఉంటుంది. మేస్త్రిగారు కాదనలేదు గానీ, "అయితే పట్టెలు ఇవి చాలవు" అన్నారు.

ఎందుకు చాలవో దండెం చెబుతుంది. రెండు మేకుల మధ్య ఆరడుగుల దూరంలో తాడు కట్టి మధ్యలో పది కిలోల తడిదుప్పటి వేశాం. తాడు వదులుగా ఉండి మధ్యలో అడుగు కిందికి దిగితే తాడులో లాగుడు 16 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అందంగా లేదని బిగించి కట్టి, రెండంగుళాలే దిగేలా చేశామనుకోండి. అదే దుప్పటికి లాగుడు 90 కిలోలు అవుతుంది. తాడు పడుకుని ఉన్నప్పుడు దాని బలమంతా పక్కకే పోతుంది. బరువును పైకి ఎత్తి పట్టేది ఆ ఏటవాలులో వచ్చే కాస్త భాగమే. ఏటవాలు ఎంత తక్కువైతే లాగుడు అంత పెరగాలి. బిగించి కట్టిన దండెం మేకులు గోడలోంచి ఊడివచ్చేది ఇందుకే.

నవ్వారు, నులక కూడా దండేలే. బిగువుగా అల్లితే పట్టెలను లోపలికి లాగుతాయి. నిలబెట్టిన పట్టె కింది వైపు బరువుకు గట్టిదే గానీ పక్కలాగుడుకు అది పడుకున్న చెక్కతో సమానం. అందుకే పాత నులకమంచాల పట్టెలు గుండ్రంగానో చదరంగానో, ఏ వైపు లాగినా తట్టుకునేలా ఉండేవి. అయినా కొన్నేళ్ళకు కాస్త లోపలికి వంగి కనిపిస్తాయి. కాళ్ళవైపు విడిచిన బిగింపు తాడు కూడా ఈ లెక్కలోదే. నులక సాగి మంచం గొయ్యి పడినప్పుడు దాన్ని మళ్ళీ బిగిస్తారు, కానీ మరీ పలకలా చేయరు. కాస్త పల్లం ఉంచుతారు. నవ్వారే కావాలనుకునేవాళ్ళు రెండు పట్టెల మధ్య ఒకటి రెండు అడ్డదూలాలు తప్పక వేయించుకోవాలి, లాగుడును అవి మోస్తాయి.

మేం చివరికి స్పాంజికే వచ్చాం. గట్టి బల్ల మీద కూర్చుని పిరుదుల కింద అరచేతులు పెట్టి చూడండి. రెండు ఎముకలు గుచ్చుకుంటాయి. నడుం పైని బరువులో ఎక్కువ భాగం ఆ రెండు చిన్న చోట్ల నుంచే దిగుతోంది. పరుపు చేసే పని ఆ బరువును ఎక్కువ చోటుకు పంచడం. పత్తి పరుపూ, బూరుగుదూది పరుపూ ఈ పని చక్కగా చేస్తాయి. కాకపోతే దూది అణిగిపోతుంది, ఏకించాలి, ఎండలో వేయాలి. మన రబ్బరు స్పాంజిలో ఎక్కువ భాగం నిజానికి రబ్బరు కాదు, పాలీయురేథేన్. జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టిన పదార్థాల కుటుంబం నుంచి వచ్చింది. అందులో నూటికి 97 పాళ్ళు గాలే. ఆ గాలి గదుల సన్నటి గోడలే మన బరువు మోస్తాయి.

దుకాణంలో "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అని చెబుతారు. ఎక్కువ అంకె అంటే ఎక్కువ గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ అంకె ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో చెబుతుంది. మెత్తదనం వేరే సంగతి. ఒకే బియ్యంతో మెత్తటి అన్నమూ వండవచ్చు, పలుకుగానూ వండవచ్చు. డెన్సిటీ చెప్పేది బియ్యం ఎంత పోశారన్నది. అంటే, ఎన్నేళ్ళు అణగకుండా నిలుస్తుందన్నదానికి అది మంచి గుర్తు. మెత్తదనం మీరు కూర్చుని చూసుకోవలసిందే. అంకె నిజమో కాదో తేల్చుకోవడానికి కూరగాయల కాటా చాలు. ఆరడుగుల పొడవు, 27 అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ముక్క 32 డెన్సిటీ అయితే 4 కిలోలు, 40 అయితే 5 కిలోలు తూగాలి. అంతకు తక్కువ తూగితే చెప్పిన అంకె అబద్ధం. సరిగ్గా తూగినా, చేత్తో నలిపితే సుద్దపొడిలా రాలుతుంటే బరువు కోసం పొడి కలిపారని అనుమానించాలి.

నాలుగంగుళాల స్పాంజి మనిషి కూర్చోగానే అంగుళం, అంగుళంన్నర అణుగుతుంది. అమ్మ మోకాలి కొలత 15 కాబట్టి అడ్డచెక్కల పైభాగం నేల నుంచి పన్నెండున్నర అంగుళాల దగ్గర పెట్టాం.

మలుపు దగ్గర ఆగిన లెక్క

మా ఇల్లు రెండో అంతస్తు. మెట్ల వెడల్పు మూడడుగులు, మధ్యలో లంబకోణం మలుపు. వీపు ఆసరాతో, అంటే బాలీసుల వెనక నిలిచే చట్రంతో సహా కింద షెడ్డులో బిగించి తేవచ్చు కదా అని మేస్త్రిగారి కుర్ర సహాయకుడు అడిగాడు. మలుపు దగ్గర ఇరుక్కునే సోఫా గణితవేత్తలను కూడా చాలాకాలం ఇరికించింది.

1966లో లియో మోజర్ అనే గణితవేత్త అడిగిన ప్రశ్న ఇది: ఒకే వెడల్పున్న రెండు వసారాలు లంబకోణంలో కలిసిన చోట, నేల మీద జరుపుతూ మలుపు తిప్పగల సోఫాల్లో అన్నిటికంటే ఎక్కువ వైశాల్యం ఉన్నది ఏ ఆకారం? వినడానికి తేలిక. 1992లో జోసెఫ్ గెర్వర్ ఒక ఆకారం గీశారు, పాతకాలపు టెలిఫోన్ రిసీవర్‌లా, మధ్యలో లోపలికి తొలిచినట్టుగా. వసారా వెడల్పు ఒకటి అనుకుంటే దాని వైశాల్యం 2.2195. మూడడుగుల వసారాకు ఇంచుమించు 20 చదరపు అడుగులు. అంతకంటే పెద్దది ఉండదని నిరూపిస్తూ కొరియా గణితవేత్త జినియన్ బెక్ 2024 చివర్లో వందకు పైగా పేజీల పత్రం వెలువరించారు.

మన సోఫాలు రిసీవర్ ఆకారంలో ఉండవు కాబట్టి దీర్ఘచతురస్రానికి లెక్క నేను వేసుకున్నాను. ఇరుక్కునేది సరిగ్గా సగం తిరిగినప్పుడు, 45 డిగ్రీల దగ్గర. మూడడుగుల దారిలో 27 అంగుళాల వెడల్పున్న సోఫా నాలుగడుగులకు మించితే తిరగదు. మాది ఆరడుగులు. పక్కకి దొర్లించి, పన్నెండున్నర అంగుళాల ఎత్తునే వెడల్పుగా చేసుకుంటే 6 అడుగుల 4 అంగుళాల దాకా తిరుగుతుంది. అంటే వీపు ఆసరా లేని సోఫా నాలుగంగుళాల తేడాతో గట్టెక్కుతుంది. 30 అంగుళాల ఎత్తు ఆసరాతో కలిపి బిగిస్తే ఏ పక్కకి దొర్లించినా తిరగదు. నిలువునా ఎత్తితే పై మెట్ల స్లాబుకు తగులుతుంది. ఆసరాను వేరే చట్రంగా చేసి, నాలుగు బోల్టులతో ఇంట్లోనే బిగించాం. పట్టెలు, కోళ్ళు, అడ్డచెక్కల కట్ట అన్నీ విడివిడిగా భుజాల మీద పైకి వచ్చాయి. తరవాత రెండిళ్ళు మారినా అలాగే విప్పి తీసుకెళ్ళాం.

ఇంట్లో బిగించాక చివరి తగువు నేలతో. మూడు కాళ్ళది ఏ నేల మీదైనా కదలకుండా నిలుస్తుంది. ముక్కాలిపీట ఎప్పుడైనా ఊగిందా? ఎలాంటి మూడు బిందువులైనా ఒక సమతలం మీద ఉండి తీరతాయి. నాలుగో కాలికి ఆ హామీ లేదు, ఆరు కాళ్ళకు అసలే లేదు. పాత మంచాలు ఒంపుల నేల మీద కూడా సర్దుకునేవి, వాటి అతుకుల్లో కాస్త వదులుండేది కాబట్టి. మాది బిగువు చట్రం. నీళ్ళు పోవడానికని గది నేలను తలుపువైపు వాలుగా కట్టారు. మూలల నాలుగు కోళ్ళనూ ఆ వాలుకు తగ్గట్టు చిత్రిక పట్టి సరిచేశారు.

మధ్య కోళ్ళను మాత్రం మేస్త్రిగారు కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా కోశారు. అవి పొడుగైతే సోఫా వాటి మీద తూగుడుబల్లలా ఊగుతుంది. మరీ పొట్టివైతే ఎప్పటికీ నేలను తాకవు, ఉన్నా లేనట్టే. సరిపోయిందో లేదో చూడడానికి ఆయన జేబులోంచి కరెంటు బిల్లు తీసి ముందు మధ్యకోడు కిందికి దూర్చారు. కాగితం ఇటు నుంచి అటు జారింది. అమ్మనూ నన్నూ కూర్చోమన్నారు. మళ్ళీ లాగారు. ఈసారి కాగితం రాలేదు.